సంఘం చందాతో వచ్చిన ఓటు

2020లో బ్రిటన్ లేబర్ పార్టీ నాయకుడిని ఎన్నుకునేందుకు నేను ఓటు వేశాను. ఆ పార్టీలో నాకు సభ్యత్వం లేదు. అప్పటికి నాది భారత పాస్‌పోర్టే. ఇంగ్లండ్ ఈశాన్యాన డరమ్ ప్రాంతంలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. కార్మిక సంఘంలో చేరినప్పుడు దరఖాస్తులో ఒక గడిలో పెట్టిన టిక్కు వల్ల ఆ ఓటు నాకు దక్కింది. మన వాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

మాది కొత్తగూడెం. నాన్న సింగరేణిలో పనిచేసి రిటైరయ్యారు. 1998లో సింగరేణిలో మొదటిసారి రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగినప్పుడు నేను చిన్నదాన్ని. అయినా గోడల నిండా నక్షత్రం, గడియారం గుర్తులు, షిఫ్టు దిగి వస్తున్నవాళ్ల చేతుల్లో కరపత్రాలు కళ్లకు కట్టినట్టు గుర్తున్నాయి. ఏఐటీయూసీ అంటే సీపీఐ, ఐఎన్‌టీయూసీ అంటే కాంగ్రెస్, సీఐటీయూ అంటే సీపీఎం, తర్వాత వచ్చిన టీబీజీకేఎస్ అంటే అప్పటి టీఆర్ఎస్. పార్టీ ముందు, దానికి అనుబంధంగా సంఘం. పార్టీలో ఎవరిని నాయకుడిగా పెట్టాలో గనిలో పనిచేసేవాడిని అడిగే ఆనవాయితీ మన దగ్గర ఏ పార్టీలోనూ లేదు.

బ్రిటన్‌లో ఈ వరస తలకిందులు. అక్కడ సంఘాలే పార్టీని పుట్టించాయి. 1900 ఫిబ్రవరి 27న లండన్‌లోని ఫారింగ్డన్ వీధి మెమోరియల్ హాల్లో కార్మిక సంఘాల ప్రతినిధులు, సోషలిస్టు బృందాలవాళ్లు కలిసి ఒక కమిటీ వేసుకున్నారు. మరుసటి ఏడాది టాఫ్ వేల్ తీర్పు వచ్చింది. సౌత్ వేల్స్‌లో రైల్వే కార్మికులు సమ్మె చేస్తే, కంపెనీకి కలిగిన నష్టం సంఘమే భరించాలని, అప్పట్లో అత్యున్నత న్యాయస్థానం కూడా అయిన ప్రభువుల సభ తీర్పు చెప్పింది. పరిహారం 23,000 పౌండ్లు. సమ్మె హక్కు నిలవాలంటే చట్టసభలో తమ మనుషులు ఉండాలని ఆ దెబ్బతో సంఘాలకు అర్థమైంది. ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆ కమిటీలో చేరాయి. 1906లో 29 మంది గెలిచాక అదే లేబర్ పార్టీ అయింది. గని కార్మికుల సమాఖ్య 1909లో చేరింది.

ఈ చరిత్ర నాకు పుస్తకాల కంటే ముందు డరమ్ వీధుల్లో కనిపించింది. ఏటా జులై రెండో శనివారం అక్కడ గని కార్మికుల జాతర జరుగుతుంది. 1871లో మొదలైంది. డరమ్ బొగ్గు ప్రాంతంలో చివరి గని వేర్‌మౌత్ 1993 డిసెంబరులోనే మూతపడింది. అయినా మూతపడ్డ గనుల పట్టు జెండాలు చాలా మిగిలే ఉన్నాయి. రెండు నిలువు కర్రల మధ్య తెరలా కట్టిన ఆ జెండాలను ఇద్దరు మనుషులు నడుముకు తోలు పట్టీలు బిగించుకుని మోస్తారు. గాలికి జెండా వెనక్కి వాలిపోకుండా ముందూ వెనకా మరికొందరు తాళ్లు పట్టుకుంటారు. వెనుక బ్యాండు. కొన్ని జెండాల మీద కీర్ హార్డీ బొమ్మ ఉంటుంది. ఆయన చిన్నప్పుడే గనిలో పనికి దిగిన మనిషి, లేబర్ పార్టీని నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు. ఆ ఊరేగింపు వీడియో పంపితే నాన్న ఫోన్ చేసి, "అమ్మా, బొగ్గు పోయినా సంఘం పోలేదన్నమాట" అన్నారు.

నేను సంఘంలో చేరింది 2018లో. రాత్రి డ్యూటీలకు రావలసిన అదనపు వేతనం కొన్ని నెలల పాటు నా జీతంలో పడలేదు. ఎవరిని అడిగినా ఇంకొకరిని అడగమనేవారు. మా వార్డులో శుభ్రం చేసే పెద్దావిడ ఒకామె నన్ను యూనిసన్ అనే కార్మిక సంఘం ప్రతినిధి దగ్గరకు తీసుకెళ్లింది. ఆయన నా డ్యూటీ పట్టికలు, జీతం చీటీలు పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన చోటల్లా ఎర్ర పెన్నుతో గీసి, ఒక ఉత్తరం రాసి ఇచ్చారు. బాకీ మొత్తం వచ్చింది. ఆ వారమే దరఖాస్తు నింపాను.

అందులో రాజకీయ నిధికి చందా ఇస్తారా అని ఒక ప్రశ్న ఉంది. 2018 మార్చి 1 తర్వాత చేరినవాళ్లు ఆ గడిలో టిక్కు పెడితేనే డబ్బు ఆ నిధికి వెళ్లేలా 2016 చట్టం మార్పు తెచ్చింది. అంతకుముందు వద్దని రాసిచ్చినవాళ్లకు తప్ప మిగతా అందరికీ ఆ చందా పడేది. యూనిసన్‌లో ఇంకో మెలిక ఉంది. అది 1993లో మూడు సంఘాలు కలిసి ఏర్పడింది. వాటిలో ఒకటైన నాల్గో అనే స్థానిక ప్రభుత్వ ఉద్యోగుల సంఘానికి లేబర్ పార్టీతో అనుబంధం ఉండేది కాదు. అందువల్ల రాజకీయ నిధిలో లేబర్ పార్టీతో ముడిపడిన భాగం వేరు, పార్టీతో సంబంధం లేని ప్రచారాల భాగం వేరు. లేబర్ భాగానికి చందా కట్టేవాళ్లకే నాయకత్వ ఎన్నికలో పాల్గొనే దారి ఉంటుంది. నేను కావాలనే ఆ గడిలో టిక్కు పెట్టాను.

మన నర్సుల్లో ఎక్కువమంది రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్‌లో చేరతారు. మంచి సంస్థే. అయితే దానికి ఏ పార్టీతోనూ అనుబంధం లేదు కాబట్టి దాని సభ్యులకు ఈ ఓటు రాదు.

2019 డిసెంబరు 12 ఎన్నికలో లేబర్ పార్టీ చిత్తుగా ఓడింది. 1935 తర్వాత అంత తక్కువ సీట్లు ఎప్పుడూ రాలేదు. మా చుట్టుపక్కల బిషప్ ఆక్లండ్, నార్త్ వెస్ట్ డరమ్, ఒకప్పుడు లేబర్ ప్రధాని టోనీ బ్లెయిర్ గెలిచిన సెడ్జ్‌ఫీల్డ్ కూడా కన్సర్వేటివ్‌ల చేతికి పోయాయి. తాతల కాలం నుంచి ఇంకో పార్టీకి ఓటెయ్యని ఊళ్లు అవి. మర్నాడు వార్డులో ఎవరూ దాని గురించి ఎత్తలేదు. నన్ను సంఘం దగ్గరకు తీసుకెళ్లిన ఆ పెద్దావిడ, తండ్రి గనిలో పనిచేసిన మనిషి, మధ్యాహ్నం టీ దగ్గర "మా నాన్న ఉంటే ఇది చూడలేకపోయేవాడు" అని ఒక్క మాట అంది. పార్టీ నాయకుడు జెరెమీ కార్బిన్ తప్పుకుంటానన్నారు. కొత్త నాయకుడి కోసం ఎన్నిక ప్రకటించారు.

అప్పుడు కూర్చుని నిబంధనలు చదివాను. కార్మిక సంఘాల పలుకుబడి గురించి పత్రికల్లో వచ్చేదానికీ, నిబంధనల్లో ఉన్నదానికీ చాలా తేడా కనిపించింది.

1981 దాకా నాయకుడిని ఎంపీలే ఎన్నుకునేవారు. ఆ ఏడాది జనవరిలో వెంబ్లీలో జరిగిన ప్రత్యేక మహాసభ ఓట్లను మూడు వాటాలు చేసింది. సంఘాలకు 40 శాతం, ఎంపీలకు 30, నియోజకవర్గ శాఖలకు 30. 1993లో వాటాలు సమానం చేసి, సంఘాలు తమ సభ్యులకు విడివిడిగా ఓటు ఇవ్వాలన్నారు. ఈ పద్ధతిలోనే 2010లో అన్నదమ్ముల పోటీ జరిగింది. ఎంపీల్లో, పార్టీ సభ్యుల్లో అన్న డేవిడ్ మిలిబ్యాండ్ ముందున్నా, సంఘాల వాటాలో తమ్ముడు ఎడ్‌కు వచ్చిన ఆధిక్యం వల్ల ఆయనే 50.65 శాతంతో గెలిచారు. పెద్ద సంఘాలైన యునైట్, యూనిసన్, జీఎంబీ మూడూ ఎడ్‌నే బలపరిచాయి. సంఘాలే నాయకుడిని కూర్చోబెట్టాయని ఎడ్‌ను ఆ తర్వాత ఐదేళ్లూ దెప్పుతూనే ఉన్నారు. ఆ ఎన్నికలో బ్యాలెట్ అందుకున్న సంఘ సభ్యుల్లో పదిమందిలో ఒక్కరు కూడా ఓటు వెయ్యలేదన్నది మాత్రం ఎవరూ పెద్దగా ఎత్తరు. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. లక్షలాది మంది పేరున ఉన్న బలం కొద్దిమంది చేతుల మీదుగా నడిచింది.

తన గెలుపుకు కారణమైన ఆ పద్ధతిని ఎడ్ మిలిబ్యాండే మార్చారు. 2014 మార్చి 1న జరిగిన ప్రత్యేక మహాసభ వాటాలను రద్దు చేసి మనిషికి ఒక ఓటు అంది. ఎంపీ ఓటూ నా ఓటూ ఒకటే విలువ. సంఘ సభ్యులు మాత్రం అనుబంధ మద్దతుదారులుగా తమంతట తాము పేరు నమోదు చేసుకోవాలి. ఆ పద్ధతిలో జరిగిన మొదటి ఎన్నికలోనే, 2015లో, కార్బిన్ 59.5 శాతంతో గెలిచారు.

నేను పేరు నమోదు చేసుకున్నది 2020 జనవరిలో. గడువు ఆ నెల 20 సాయంత్రం ఐదింటికి. సంఘం పంపిన మెయిల్‌లో లింకు ఉంది. సంఘం సభ్యత్వ సంఖ్య, పుట్టిన తేదీ, చిరునామా ఇవ్వాలి. పార్టీ విలువలను సమర్థిస్తున్నానని, వేరే పార్టీలో లేనని ఒప్పుకోవాలి. దేశ ఓటర్ల జాబితాలో పేరు ఉండాలి. ఇక్కడే మన వాళ్లు చాలామంది ఆగిపోతారు, భారతీయులకు ఓటు ఉండదనుకుని. కామన్వెల్త్ పౌరులం కాబట్టి, చట్టబద్ధంగా నివసిస్తుంటే బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో కూడా మనకు ఓటు ఉంది. నేను వచ్చిన ఏడాదే జాబితాలో పేరు చేర్పించుకున్నాను. పైసా ఖర్చు లేదు. పార్టీలోనూ సంఘంలోనూ లేనివాళ్లు ఆ ఎన్నికలో ఓటు వేయాలంటే రెండు రోజుల వ్యవధిలో 25 పౌండ్లు కట్టి నమోదు చేసుకోవాలి. నాకు నెలనెలా పోయే చందాలోనే అది వచ్చేసింది.

మా వార్డులో విజయనగరం అమ్మాయి ఒకామె ఉండేది. అంతకుముందు ఏడాదే భర్తతో వచ్చింది. తనూ యూనిసన్‌లోనే ఉంది. నమోదు చేసుకోమంటే, "అక్కా, మన వీసా గొడవలే మనకు చాలవా? వాళ్ల పార్టీకి ఎవరు నాయకుడైతే మనకేం?" అంది. వీసా గొడవ కోసమే చేసుకోమన్నాను. వీసాతో పాటు కట్టే ఆరోగ్య సర్‌ఛార్జి అప్పుడు తలకు ఏడాదికి 400 పౌండ్లు. పగలంతా ఆసుపత్రిలో సేవ చేసి, పన్నూ కట్టి, అదే ఆసుపత్రి వాడుకోవడానికి మళ్లీ డబ్బు కట్టడం. దాన్ని ఎత్తెయ్యాలని సంఘాలు అడుగుతున్నాయి. ఆ మాట పార్లమెంటులో గట్టిగా అనవలసింది ప్రతిపక్ష నాయకుడు. ఆ నాయకుడిని ఎన్నుకునే ఓటు మన చేతిలో ఉన్నప్పుడు వదులుకోకూడదు అన్నాను. ఆ రాత్రి డ్యూటీలోనే ఫోన్లో నింపేసింది.

సంఘాల అసలు బలం ఎక్కడుందో నామినేషన్ల దశలో కళ్లారా చూశాను. అభ్యర్థికి మొదట ఎంపీల్లో, యూరప్ పార్లమెంటు సభ్యుల్లో పదో వంతు, అంటే 22 మంది, మద్దతు కావాలి. ఐదుగురు ఆ గడప దాటారు. తర్వాత రెండు దారులు. దేశంలోని నియోజకవర్గ శాఖల్లో ఐదు శాతం, అంటే 33 శాఖలు, బలపరచాలి. లేదంటే మూడు అనుబంధ సంస్థలు బలపరచాలి. వాటిలో రెండు కార్మిక సంఘాలై ఉండాలి, ఆ మూడింటికీ కలిపి అనుబంధ సభ్యత్వంలో ఐదు శాతం బలం ఉండాలి. పెద్ద సంఘం ఒకటి తోడుంటే రెండో దారి ఇట్టే తెరుచుకుంటుంది.

కీర్ స్టార్మర్‌ను యూనిసన్ జనవరి 8నే బలపరిచింది. దుకాణాల ఉద్యోగుల సంఘం, ఒక పర్యావరణ బృందం తోడవడంతో అందరికంటే ముందు ఆయన పేరు బ్యాలెట్‌కెక్కింది. లీసా నాండీకి జీఎంబీ, గని కార్మికుల సంఘం అండ దొరికాయి. గని కార్మికుల సంఘం ఆమెను బలపరిచిందన్న వార్త చదివి చాలాసేపు దాని గురించే ఆలోచించాను. లోతైన బొగ్గు గనుల్లో చివరిదైన కెలింగ్లీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ సంఘంలో మిగిలినవాళ్లు కొద్దిమందే. అయినా ఎవరు నాయకత్వానికి పోటీ పడాలో చెప్పే హక్కు వాళ్లకు ఇంకా ఉంది. రెబెకా లాంగ్-బెయిలీకి యునైట్ మద్దతిచ్చింది. జెస్ ఫిలిప్స్ మధ్యలోనే తప్పుకున్నారు. ఎమిలీ థార్న్‌బెరీ సంఘాల దారి దొరక్క శాఖల దారిలో వెళ్లి 31 దగ్గర ఆగిపోయారు. రెండు శాఖలు తక్కువ. లెక్కింపులో ప్రతి ఓటూ సమానమే. కానీ లెక్కింపు దాకా ఎవరు రావాలన్నదానిలో సంఘాల మాటకు ఈనాటికీ అంత బరువుంది.

ఆ మాట ఎవరు అంటున్నారన్నది నాకు ముఖ్యం. యూనిసన్ తరఫున నిర్ణయం తీసుకున్నది లేబర్ వ్యవహారాలు చూసే జాతీయ కమిటీ. దానికి ఎన్నికైనవాళ్లు ఉంటారు, నియమాల ప్రకారమే జరిగింది. చాలా సంఘాల్లో ఇదే తీరు. మా ఆసుపత్రి శాఖలో అభ్యర్థుల గురించి మాట్లాడుకోవడానికి మేం కూర్చునే సరికి సంఘం మద్దతు ఎవరికో తెలిసిపోయింది. ఆ చర్చ మాత్రం గొప్పగా జరిగింది. భోజనశాల పక్క గదిలో పోర్టర్లు, నర్సులు, వంటవాళ్లు, రికార్డుల గదివాళ్లు కలిపి ఇరవై మందిదాకా వచ్చారు. జీతాలు, ప్రైవేటు కాంట్రాక్టుల గురించి ఎవరు ఏమన్నారు, ఈశాన్యంలో పోయిన ఊళ్లను ఎవరు తిరిగి తెస్తారు, బ్రెగ్జిట్ మీద ఎవరి మాట నిలకడగా ఉంది, ఇవీ ప్రశ్నలు. ఒక వంటాయన లాంగ్-బెయిలీ కోసం, నన్ను సంఘంలోకి తెచ్చిన పెద్దావిడ నాండీ కోసం గట్టిగా వాదించారు. సంఘం చెప్పిన పేరుకు తలూపినవాళ్లు సగం మంది కూడా లేరు. ఇంత ఆలోచన ఉన్న మనుషుల్ని నామినేషన్‌కు ముందే అడిగి ఉంటే సంఘం మాటకు ఇంకా బలం వచ్చేది. 2016లో కార్బిన్‌పై పోటీ వచ్చినప్పుడు జీఎంబీ తన సభ్యులను అడిగి, వాళ్లు ఎక్కువమంది చెప్పిన ఓవెన్ స్మిత్‌ను బలపరిచింది. ఆయన ఓడిపోయారు. అయినా ఆ పద్ధతే సరైనదని నా నమ్మకం.

ఫిబ్రవరి చివర్లో బ్యాలెట్ మెయిల్ వచ్చింది. విజయనగరం అమ్మాయికి రాలేదు. వెతికితే అక్కరలేని మెయిళ్ల సంచిలో (స్పామ్ ఫోల్డర్‌లో) దొరికింది. రెండు రహస్య సంఖ్యలు ఇచ్చి లోపలికి వెళ్లాలి. రెండు బ్యాలెట్లు, ఒకటి నాయకుడికి, ఒకటి ఉపనాయకుడికి. ఒక్క పేరు ఎంచుకోవడం కాదు, 1, 2, 3 అని వరుస ఇవ్వాలి. ఎవరికీ సగం దాటకపోతే అడుగున ఉన్నవాళ్లను తీసేసి వాళ్ల ఓట్లు తర్వాతి పేరుకు కలుపుతారు. నాయకుడి బ్యాలెట్‌లో నేను ఎవరికి వేశానో చెప్పను. ఉపనాయకురాలిగా మాత్రం మొదటి అంకె ఏంజెలా రేనర్‌కు ఇచ్చాను. ఆమె స్టాక్‌పోర్ట్‌లో ఇంటింటికీ తిరిగి వృద్ధులను చూసుకునే పనిచేసి, యూనిసన్ ప్రతినిధిగా ఎదిగిన మనిషి. రోగిని పక్క మీద తిప్పడంలో నడుము ఎలా నొస్తుందో తెలిసినవాళ్లు ఆ కుర్చీలో ఉండాలని నేను మనసారా కోరుకున్నాను.

ఫలితాలు ఏప్రిల్ 4న. అప్పటికి దేశమంతా లాక్‌డౌన్. లండన్‌లో జరగవలసిన సభ రద్దయింది. మా వార్డు కోవిడ్ వార్డుగా మారింది. మాస్కు, గౌను విప్పి చేతులు కడుక్కుని విరామ గదిలోకి వస్తే పోర్టర్ ఒకాయన ఫోన్లో అంకెలు చదువుతున్నాడు. స్టార్మర్ 56.2 శాతం, లాంగ్-బెయిలీ 27.6, నాండీ 16.2. మొదటి లెక్కింపులోనే తేలిపోయింది. రేనర్ మూడో లెక్కింపులో గెలిచారు. అనుబంధ మద్దతుదారుల్లో స్టార్మర్‌కు వచ్చింది 53 శాతం, పార్టీ సభ్యుల్లో వచ్చినదాని కంటే కొంచెం తక్కువే. సంఘాలు మూడు వైపులా చీలాయి, సభ్యులు సొంతంగా ఆలోచించుకున్నారు. సంఘం చెబితే మందలా ఓటేస్తారన్న పాత నింద ఈ అంకెల ముందు నిలవదు.

ఇంకో ఆరు వారాలకు, మే 20న, స్టార్మర్ పార్లమెంటులో ప్రధాని బోరిస్ జాన్సన్‌ను ఆరోగ్య సర్‌ఛార్జి గురించి నిలదీశారు. అది అక్టోబరులో 624 పౌండ్లకు పెరగబోతోంది. విదేశాల నుంచి వచ్చి కోవిడ్ రోగులను చూస్తున్నవాళ్ల దగ్గర ఆ డబ్బు ఎలా తీసుకుంటారని అడిగారు. జాన్సన్ ఆ రోజు సమర్థించుకున్నారు. మర్నాడే ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఆరోగ్య, సంరక్షణ సిబ్బందికి ఎత్తేస్తామంది. సంఘాలు, వైద్యుల, నర్సుల సంస్థలు ఎంతో కాలంగా చేసిన పోరాటం అందులో ఉంది, ప్రభుత్వ పక్షంలోనే లేచిన అసంతృప్తి కూడా ఉంది. విజయనగరం అమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, మనం ఓటేసినందుకు అడిగారు కదా" అంది. అంత నేరుగా లెక్క కట్టలేను గానీ ఆ రోజు నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది.

2021 సెప్టెంబరులో బ్రైటన్ మహాసభకు ముందు స్టార్మర్ పాత వాటాల పద్ధతిని తిరిగి తేవాలని చూశారు. సంఘాలకు మూడో వంతు వాటా మళ్లీ వచ్చేది. అయినా సంఘాలు ఒప్పుకోలేదు, ఆయన విరమించుకున్నారు. నాకు గర్వంగా అనిపించిన ఘట్టం అది. ఎంపీల మద్దతు గడప మాత్రం పది శాతం నుంచి ఇరవైకి పెరిగింది. డబ్బు కట్టి ఓటు తీసుకునే పద్ధతి పోయింది. పార్టీ సభ్యులు కానివాళ్లలో ఇప్పుడు ఓటున్నది సంఘాల, ఇతర అనుబంధ సంస్థల ద్వారా వచ్చేవాళ్లకే.

2025లో రేనర్ రాజీనామా చేశాక ఉపనాయకత్వానికి ఎన్నిక జరిగింది. అక్టోబరు 25న లూసీ పవెల్ గెలిచారు. ఓటు హక్కున్నవాళ్లలో వేసినవాళ్లు 16.6 శాతమే. ఈ అంకె చూసి నాకు కోపం వచ్చింది. 1900 నాటి మనుషులు సమ్మెలు చేసి, జరిమానాలు కట్టి సంపాదించిన హక్కు మెయిళ్ల సంచిలో తెరవకుండా పడి ఉంటోంది. ఇప్పుడు మా ఆసుపత్రిలో కొత్తగా చేరే తెలుగు, మలయాళీ నర్సులతో టీ విరామంలో కూర్చుని ఓటర్ల జాబితా, రాజకీయ నిధి గడి, సంఘంలో ఇచ్చిన మెయిల్ చిరునామా సరిచూసుకోమని చెబుతున్నాను. వచ్చే నెల శాఖ సమావేశానికి ఒక తీర్మానం ముసాయిదా కూడా రాశాను. నాయకత్వ ఎన్నికలో సంఘం ఎవరి పేరునైనా బలపరిచే ముందు, రాజకీయ నిధికి చందా కట్టే సభ్యులందరినీ బ్యాలెట్ ద్వారా అడగాలి. దాన్ని ఆ వంటాయన బలపరుస్తానన్నారు.